కెనడా వలస దరఖాస్తుకు నిధుల రుజువు: ఏ సొమ్ము చెల్లుతుంది, ఏది చెల్లదు

మన కుటుంబాల పిల్లలు కొందరు భార్యాబిడ్డలతో కెనడాలో స్థిరపడేందుకు దరఖాస్తు చేస్తున్నారు. సంఘానికి సలహా కోసం వచ్చేవారికి ఇంగ్లీషు పరీక్ష, డిగ్రీల గురించి బాగానే తెలుసు. డబ్బు రుజువు దగ్గరే తడబడుతున్నారు. ఖాతాలో సొమ్ము ఉండటం ఒక ఎత్తు, అది మనదేనని కాగితంపై చూపడం మరొక ఎత్తు. అందుకే ముఖ్యమైన నియమాలను ఇక్కడ ఒకచోట చేర్చాము.

ఎవరు చూపాలి?

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్, ఫెడరల్ స్కిల్డ్ ట్రేడ్స్ విభాగాల వారు నిధులు చూపాలి. కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ వారికి ఇది అవసరం లేదు. కెనడాలో పనిచేసే అనుమతితో పాటు చెల్లుబాటయ్యే ఉద్యోగ ఆఫరు ఉన్నవారికీ మినహాయింపు ఉంది.

ఎంత చూపాలి?

2025 జులైలో సవరించిన మొత్తాలు కెనడా డాలర్లలో ఇవి:

ఒక్కరికి 15,263
ఇద్దరికి 19,001
ముగ్గురికి 23,360
నలుగురికి 28,362
అయిదుగురికి 32,168
ఆరుగురికి 36,280
ఏడుగురికి 40,392
ఆపైన ప్రతి ఒక్కరికి 4,112

డాలరు 60 రూపాయలని లెక్క వేసినా నలుగురి కుటుంబానికి 17 లక్షలు దాటుతుంది. ఈ మొత్తాలను ఏటా సవరిస్తారు, మారకపు ధర రోజూ మారుతుంది. కనుక అంచుకు సరిపోయేలా కాకుండా కొంత ఎక్కువే ఉంచుకోవాలి. దరఖాస్తు రోజున చూపితే చాలదు, వీసా ఇచ్చే నాటికీ ఆ సొమ్ము ఉండాలి.

భార్య, భర్త, వారిపై ఆధారపడిన పిల్లలు అందరూ లెక్కలోకి వస్తారు. భార్యాపిల్లలు ఇప్పుడే రాకుండా ఇక్కడే ఉండిపోయినా వారిని కలిపే లెక్కించాలి. తల్లిదండ్రులు ఒకే ఇంట్లో ఉన్నా ఈ లెక్కలోకి రారు.

బ్యాంకు ఉత్తరంలో ఏముండాలి?

పాస్‌బుక్ నకలు ఒక్కటే చాలదు. బ్యాంకు తన లెటర్‌హెడ్‌పై ఉత్తరం ఇవ్వాలి. అందులో బ్యాంకు చిరునామా, ఫోను, ఈమెయిలు, దరఖాస్తుదారు పేరు, ప్రతి ఖాతా నంబరు, తెరిచిన తేదీ, ప్రస్తుత నిల్వ, గత ఆరు నెలల సగటు నిల్వ ఉండాలి. క్రెడిట్ కార్డు బాకీలు, ఇతర అప్పులు కూడా రాయాలి. ఆరు నెలల సగటు రాయడం మన శాఖలకు పెద్దగా అలవాటు లేదు. కావలసిన అంశాలన్నీ వరుసగా రాసి, అర్జీతో మేనేజరుకు ఇస్తే పని తేలికవుతుంది. ఆరు నెలల స్టేట్‌మెంట్ కూడా జతచేయడం మంచిది.

ఏది చెల్లదు?

ఇల్లు, పొలం విలువ లెక్కకు రాదు. అమ్మి, సొమ్ము ఖాతాలో పడితేనే వస్తుంది. అప్పుడు రిజిస్టరైన విక్రయపత్రం నకలు జతచేయాలి. చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే ఆస్తుల విలువ పత్రం బ్యాంకు ఉత్తరానికి బదులు కాదు.

ఇతరుల దగ్గర అప్పు తెచ్చిన సొమ్ము చెల్లదు. బంగారం తాకట్టు పెట్టి తెచ్చినదీ అప్పే. చిట్టీ ముందే పాడుకున్నవారికి ఇంకా కట్టవలసిన వాయిదాలు ఉంటాయి కనుక దాన్ని సొంత పొదుపుగా చూపితే చిక్కు వస్తుంది. చిట్టీ పూర్తిగా కట్టి ముగించాక వచ్చిన సొమ్ముతో ఆ ఇబ్బంది లేదు.

భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే ఉమ్మడి ఖాతా సొమ్ము చెల్లుతుంది. భార్య లేదా భర్త ఒక్కరి పేరనే ఉంటే, దరఖాస్తుదారు దాన్ని వాడుకోగలరని రుజువు చూపాలి.

నాన్న, అత్తమామలు ఇచ్చే సొమ్ము

పెద్దల ఖాతాలో ఉన్నంతవరకు అది వారిదే. ఇవ్వదలిస్తే బ్యాంకు ద్వారా పిల్లల ఖాతాకు మార్చి, తిరిగి చెల్లించనక్కరలేని కానుక అని దానపత్రం రాయాలి. ఇచ్చినవారి స్టేట్‌మెంట్ కూడా ఉంచాలి. తల్లిదండ్రులు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువులు ఇచ్చిన కానుకపై తీసుకున్నవారికి ఆదాయపు పన్ను లేదు. నగదుగా మాత్రం వద్దు: ఒకరి నుంచి ఒక రోజులో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు.

మన ఇళ్లలో వచ్చే చిక్కులు

మొదటిది పేరు. తమిళనాడులో పుట్టిన మన పిల్లలకు బడిలో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్ అవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, బ్యాంకులో ఇనిషియల్, పొలం పత్రంలో మరో రూపం ఉంటే ముగ్గురు మనుషులని అనుకునే ప్రమాదం ఉంది. బ్యాంకు ఖాతాను ముందుగానే పాస్‌పోర్టు పేరుకు మార్పించాలి. మార్చలేని పాత పత్రాలకు, ఆ పేర్లన్నీ ఒకరివేనని అఫిడవిట్ జతచేయాలి.

రెండోది భాష. విక్రయపత్రం కన్నడ, తమిళం, ఒడియా, మరాఠీ, తెలుగు ఏ భాషలో ఉన్నా ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం, ధ్రువీకరించిన మూల నకలు కావాలి. అనువాదకునికి అధికారిక గుర్తింపు లేకపోతే అతని అఫిడవిట్ కూడా ఉండాలి. ఇంట్లో ఎంత భాషాపండితుడున్నా దగ్గరి బంధువు చేసిన అనువాదం చెల్లదు.

సొమ్ము పంపేటప్పుడు

రిజర్వు బ్యాంకు ఉదారీకృత పంపకాల పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికా డాలర్ల వరకు పంపవచ్చు. పాన్ తప్పనిసరి. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు ముందుగానే పన్ను వసూలు చేస్తుంది. వలస ఖర్చులకు అది 20 శాతం. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ పంపే రోజున ఆ సొమ్ము అదనంగా చేతిలో ఉండాలి. కెనడాలో దిగేటప్పుడు 10,000 కెనడా డాలర్లు, అంతకు మించి చేతిలో ఉంటే కస్టమ్స్ వారికి చెప్పి తీరాలి.

ఒక హెచ్చరిక

కొద్ది రోజులు ఖాతాలో సొమ్ము వేసి, వడ్డీ తీసుకుని వెనక్కి లాగేసుకుంటామనే దళారులు ఉన్నారు. ఆరు నెలల సగటు నిల్వ అడిగితే ఆ సంగతి బయటపడుతుంది. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే కెనడా చట్టం ప్రకారం అయిదేళ్లపాటు ప్రవేశం నిషేధం. సంతకం మనది, శిక్షా మనదే. దళారి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

సొమ్ము తక్కువైతే ఆరు నెలలో, ఏడాదో ఆగడం నష్టం కాదు. కొత్త ఊళ్లో ఉద్యోగం దొరికేదాకా ఇంటి అద్దె, పిల్లల చలికోట్లు, తిండి ఆ డబ్బులోంచే రావాలి. అప్పు తెచ్చి చూపిన సొమ్ము దిగిన రోజుకే వెళ్లిపోతుంది, నెలవారీ వడ్డీ మాత్రం ఇక్కడ ఉన్న తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. దరఖాస్తుకు ముందు కెనడా ప్రభుత్వ వలస శాఖ వెబ్‌సైటులో తాజా మొత్తాలు ఒకసారి సరిచూసుకోవలసిందిగా మనవి.