హాలీ రూపాయి, కల్దారు రూపాయి

1950ల తొలినాళ్ల వరకు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రూపాయి మాట వస్తే అది ఏ రూపాయో తేల్చుకోవలసి వచ్చేది. నిజాం ప్రభుత్వపు ఉస్మానియా సిక్కాను ప్రజలు హాలీ అనీ, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనీ పిలిచేవారు. అధికారిక మారకం ప్రకారం 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం కనుక, నూరు కల్దార్లు కావలసినవారు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ చెల్లించాలి. డబ్బు మార్చే సరాఫు పట్టుకునే బట్టా దీనికి అదనం. సంస్థానం వెలుపలి సరుకు కొనే పోచంపల్లి వంటి నేత కేంద్రాల వ్యాపారికి ఈ లెక్క తప్పనిది.

నాణెంపై ప్రభుత్వానికి ఏకచ్ఛత్రాధికారం మొదటి నుంచీ లేదు. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల వేర్వేరు టంకశాలలు నడుస్తూ, తూకంలోనూ వెండి పాలులోనూ తేడాలున్న రూపాయలు చలామణి అయ్యేవి. 1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ అటువంటి టంకశాలలను మూయించి, నాణేల ముద్రణను హైదరాబాద్ ప్రభుత్వ టంకశాల కిందికి తేవడంతో హాలీ సిక్కాకు నిలకడ వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి ధర పెరిగి నాణేలకు కొరత ఏర్పడినప్పుడు, 1918లో హైదరాబాద్ ప్రభుత్వం కాగితపు కరెన్సీ చట్టం చేసి, తొలుత 10, 100 రూపాయల నోట్లను జారీ చేసింది. లండన్‌లోని వాటర్లో అండ్ సన్స్ ముద్రించిన ఆ నోట్లపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువ కనిపించేది. ఆ నోట్లతో వస్తున్న ఈజిప్ట్ అనే ఓడ 1922 మే 20న ఫ్రాన్స్ తీరాన మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. దాదాపు పదేళ్ల తరువాత ఇటలీ గజ ఈతగాళ్లు బంగారంతో పాటు కొన్ని నోట్లను కూడా వెలికితీశారు. అయితే ఖజానా జారీ చేయకముందే మునిగిన ఆ కాగితాలు చట్టరీత్యా డబ్బు కావు.

నోట్ల చలామణిని, ప్రభుత్వ రుణాన్ని చూసుకోవడానికి 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఏర్పడి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో కార్యకలాపాలు ప్రారంభించింది. 1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక కుదిరిన కొద్దికాలానికే, భారత కరెన్సీ సంస్థానంలో చెల్లదంటూ నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. దాదాపు అదే సమయంలో 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ సెక్యూరిటీలను, అంటే ప్రభుత్వ రుణపత్రాలను, పాకిస్తాన్‌కు అప్పుగా ఇవ్వజూపింది. ఢిల్లీ ఈ రెండింటినీ ఒడంబడిక ఉల్లంఘనగానే పరిగణించింది. సార్వభౌమత్వంపై సాగిన వాదంలో కరెన్సీ కూడా ఆయుధమైంది.

1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య తరువాత ఆ వాదం ముగిసింది. 1950 నుంచి భారత రూపాయి హాలీ పక్కన ప్రవేశించి, క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. ఈ సంధికాలంలోనే, పౌనార్ ఆశ్రమంలో డబ్బు వాడకాన్ని విడనాడే కాంచనముక్తి ప్రయోగం చేపట్టిన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరుకున్నారు. దళితులు సాగుకు 80 ఎకరాలు అడిగినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. కరెన్సీ మారినంత మాత్రాన భూమి లేనివారి స్థితి మారలేదని ఆ కోరికే చాటింది.

1956లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థగా, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పేరుతో పునర్వ్యవస్థీకృతమైంది. నోటు జారీ చేసిన ప్రభుత్వం పోయినప్పుడు దాని మారకానికి కొత్త ప్రభుత్వం పూచీ పడితేనే పేదవాడి పొదుపు నిలుస్తుంది. హాలీని ఒక్క రోజులో రద్దు చేయక 7కు 6 చొప్పున మార్చుకోనివ్వడం ఆ సంధికాలంలో జరిగిన సరైన నిర్ణయం.