ఉక్కుబిళ్ల నుండి ఉక్కుదూలం వరకు

కరీంనగరు పట్టణానికి ఉత్తరంగా, రాయపట్నం పోయే బాటమీద చొప్పదండి ఉన్నది. ఈనాడు అట్టి మండల కేంద్రాలలో బియ్యపు మర గాని, ధాన్యపు గోదాము గాని కట్టదలచినప్పుడు, ముందుగా లేచేవి తరచు గోడలు కావు, ఉక్కు స్తంభాలు. వాటి తలలను ఉక్కు దూలాలతో కలిపి, బోల్టులతో బిగించి, పైన రేకులు కప్పుతారు. నిర్మాణం కొంచెం పెద్దదైనచో, ఈ స్తంభాలు నేలమీద నిలువకముందే కంప్యూటరు తెరమీద ఒకసారి నిలిచి ఉంటాయి. ఏ దూలం ఎంత పొడవు, ఎంత బరువు, దేనిమీద ఆనుతున్నది, ఎంత వంగుతుంది అనే లెక్క అంతా ఆ తెరమీదనే తేలిపోతుంది.

ఉక్కు ఈ ప్రాంతానికి కొత్త వస్తువు కాదు. కొన్ని శతాబ్దాలపాటు ఉత్తర తెలంగాణపు ఉక్కు పారశీక దేశం దాకా పోయినది. అయినను ఆ ఉక్కుతో ఇక్కడ ఒక్క దూలమైనా తయారు కాలేదు. ఉక్కు ఉండి కూడ దూలం లేకపోవడానికి కారణమేమి? ఆ దూలం పుట్టడానికి ఇంకేమేమి కావలసి వచ్చినది? తెరమీది నమూనా ఎందుకు అవసరమైనదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే గాని బోధపడదు.

నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం గ్రామం ఉక్కు తయారీకి పేరెన్నికగన్నది. భారతదేశపు త్రికోణమితి సర్వేలో వైద్యుడుగాను, భూవిజ్ఞానిగాను పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ గ్రామపు కొలిములను స్వయంగా చూచి వర్ణించినాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వర్ణన 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. పూర్వపు కరీంనగరు జిల్లాలోని మెట్‌పల్లి నుండి వచ్చే ఇనుమును, కొండాపురం నుండి వచ్చే ఇనుమును కలిపి అక్కడ ఉక్కు చేసేవారు. ఇస్ఫహాను నగరపు వర్తకుడొకడు ఆ ఉక్కు కొనడానికై వచ్చి అక్కడ ఉండడం కూడ వాయిసీ చూచినాడు. అంత దూరంనుండి వర్తకులు వచ్చేవారనగా ఆ సరకు విలువ ఎంతటిదో ఊహించవచ్చును.

తయారీ పద్ధతి ఇది. ఇనుప ముక్కలను బొగ్గును ఇచ్చే పదార్థాలతోపాటు మట్టి మూసలో పెట్టి, మూతిని మట్టితో మూసివేస్తారు. అట్టి మూసలను కొలిమిలో పేర్చి, తిత్తులతో గాలి ఊది, సుమారు ఒక అహోరాత్రం కాలుస్తారు. మూసలోని ఇనుము కర్బనాన్ని పీల్చుకొని కరిగి, మెల్లగా చల్లారి, అడుగున బిళ్లగా గట్టిపడుతుంది. బిళ్ల ఒక్కింటికి బరువు పౌనున్నర ప్రాంతం, అనగా సుమారు 680 గ్రాములు. పెళుసుదనం తగ్గించడానికి ఆ బిళ్లకు మట్టి పూసి, మరల కాల్చి చల్లార్చడం మూడు నాలుగు సార్లు జరిగేది. ఐరోపావారు దీనిని ‘వూట్జ్’ అన్నారు. ఆ పేరు మన ‘ఉక్కు’ అనే మాటనుండి, లేదా దాని కన్నడ రూపంనుండి వచ్చినదని పలువురి అభిప్రాయం. విద్యుచ్ఛాస్త్రంలో ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే సైతం 1819 ప్రాంతంలో ఈ ఉక్కును పరీక్షించి, దాని రహస్యం పట్టుకోవడానికి ప్రయత్నించినాడు.

ఇంతటి ఉక్కుతో దూలమెందుకు చేయలేదన్నదానికి లెక్క చూస్తే సమాధానం దొరుకుతుంది. నేడు భవనాలలో వాడే 300 మిల్లీమీటర్ల లోతుగల మధ్యమ జాతి దూలం మీటరుకు సుమారు 45 కిలోగ్రాములు తూగుతుంది. ఒక్క మీటరుకే 66 బిళ్లలు కావలెను. ఆరు మీటర్ల దూలానికి దాదాపు 400 బిళ్లలు పడతాయి. అవి దొరికినా అతుకు సమస్య ఉన్నది. ఆ ఉక్కులో కర్బనం నూటికి ఒకటి మొదలు రెండు పాళ్లవరకు ఉంటుంది. కత్తి అంచుకు అది గొప్ప గుణం. దూలానికి మాత్రం దోషం. దూలం బరువు పడినప్పుడు పగలక, ముందుగా వంగి హెచ్చరిక ఇవ్వవలెను. అందుకే నిర్మాణపు ఉక్కులో కర్బనం నూటికి సుమారు 0.2 పాళ్లు మాత్రమే ఉండేటట్లు చూస్తారు. కోనసముద్రపు ఉక్కు కత్తికోసం పుట్టినది. ఇంటిని మోయడానికి కాదు.

ఆ కాలంలో ఈ సీమలో ఇంటిని మోసినవి టేకు దూలాలు, గుడిని మోసినవి రాతి దూలాలు. కరీంనగరు సమీపాన నగునూరులోని కాకతీయుల కాలపు ఆలయాలలో ఈ రాతి పని చూడవచ్చును. రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గాని, సాగదీస్తే ఓర్వలేదు. రెండు స్తంభాల మధ్య రాతి దూలం వేసినప్పుడు దాని పైభాగం నొక్కుకొంటుంది, అడుగుభాగం సాగుతుంది. దూరం పెరిగినచో అడుగున బీట పడుతుంది. అందుచేతనే మండపాలలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. శిల్పి ఈ సత్యాన్ని లెక్కలతో కాక అనుభవంతో ఎరిగినాడు.

దూలాన్ని మొట్టమొదట లెక్కకు లొంగదీయబూనినవాడు గెలీలియో. 1638లో ప్రకటించిన గ్రంథంలో, గోడలో నాటిన కొయ్య ఏ బరువుకు విరుగుతుందో ఆయన విచారించినాడు. ఆయన సూత్రంలో పొరపాటు ఉన్నది గాని, ప్రశ్న మాత్రం సరియైనది. తరువాత పలువురు దానిని సవరించగా, 1826లో ఫ్రాన్సుకు చెందిన నవియే నేటికీ వాడుకలో ఉన్న రూపానికి తెచ్చినాడు. ఆ సిద్ధాంతం చెప్పే విషయం సులభమైనది. వంగిన దూలంలో పైపొరలు కుదించుకొంటాయి, అడుగుపొరలు సాగుతాయి, నట్టనడుమ పొర కుదించుకోదు, సాగదు. కావున నడుమనున్న లోహం వంపును ఆపడానికి చేసే సాయం స్వల్పం. ఆ లోహాన్ని అక్కడనుండి తీసి పైకి, అడుగుకు చేర్చినచో, అదే బరువుగల ఇనుము అనేక రెట్లు పనిచేస్తుంది. వెడల్పు మార్చక లోతు రెండింతలు చేస్తే దూలపు బిగువు ఎనిమిదింతలవుతుంది. పైన ఒక పలక, అడుగున ఒక పలక, వాటిని కలిపే సన్నని నిలువు పలక గల ఇంగ్లీషు ‘ఐ’ అక్షరపు ఆకారం ఇట్లు పుట్టినది.

స్తంభం కథ వేరు. పొట్టి స్తంభం బరువుకు నలిగి చెడుతుంది. పొడవైన సన్నని స్తంభం నలగకముందే పక్కకు వంగి కూలుతుంది. వెదురు కర్రను నేలకు ఆనించి పైనుండి నొక్కినచో ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. 1744లో స్విట్జర్లాండు గణితవేత్త ఆయిలర్ దీనికి సూత్రం కట్టినాడు. దాని ప్రకారం పొడవు రెండింతలైన సన్నని స్తంభం మునుపటి బరువులో నాలుగోవంతుకే వంగిపోతుంది. నడుమ ఒక ఆధారమిచ్చి పక్కకు కదలకుండ పట్టినచో ఆ స్తంభమే నాలుగింతలు మోస్తుంది.

ఇట్లు లెక్క సిద్ధమైనది గాని లోహం ఇంకా చాలలేదు. 1840ల చివరలో ఫ్రాన్సులో ఇనుప దూలాలను మరలతో ఒత్తి సాగదీయడం మొదలైనది. 1856లో బెస్సెమర్ కరిగిన ఇనుములోనికి గాలి ఊది అందలి కర్బనాన్ని కాల్చివేసే పద్ధతిని ప్రకటించినాడు. దానితో ఉక్కు గ్రాములనుండి టన్నులకు మారినది. 1885లో షికాగో నగరంలో పూర్తియైన ఒక బీమా సంస్థ భవనపు పై అంతస్తులలో ఉక్కు దూలాలు వాడినారు. తెలుగునాట 1900లో గోదావరిమీద రాజమహేంద్రవరం వద్ద హేవ్లాక్ వంతెన తెరచినారు. సుమారు 46 మీటర్ల చొప్పున 56 ఖానాలు గల ఆ ఉక్కు వంతెనమీద 1997 వరకు రైళ్లు నడిచినవి. ఆ గోదావరికే ఎగువన, తీరానికి కొద్ది క్రోసుల దూరంలో, కోనసముద్రపు కొలిములు ఆ కాలానికే చల్లారుతూ వచ్చినవి. చౌకగా వచ్చిపడిన విదేశపు ఉక్కు, కత్తులకు తగ్గిన గిరాకీ, బొగ్గుకు చాలని అడవి ఆ వృత్తిని క్రుంగదీసినవి.

స్వాతంత్ర్యానంతరం భారత ప్రమాణాల సంస్థ 1956లో ఉక్కు నిర్మాణాలకు నియమావళిని, మరుసటి సంవత్సరం దూలాల కొలతల ప్రమాణాన్ని ప్రకటించినది. 1964లో వచ్చిన చేతిపుస్తకం ఇంజనీరు బల్లమీద నిత్యం ఉండవలసిన గ్రంథమైనది. ఏ దూలానికి ఎంత లోతు, ఎంత బరువు, ఎంత బిగువు అన్నది అందలి పట్టికలలో చూచి తెలుసుకొనేవారు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న దానిని జాతికి అంకితం చేసిన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు, నాటి కరీంనగరు జిల్లాలోని వంగరలో పెరిగినవారే. ఆ కర్మాగారపు మరలలో దూలాలు, కోణపు కడ్డీలు తయారైనవి.

పట్టికలు ఒక్కొక్క దూలానికి సరిపోతాయి. కాని వందలకొలది దూలాలు, స్తంభాలు గల చట్రంలో ఒకదాని బరువు మరొకదానిపై పడుతుంది. ఒకటి మారితే అన్నీ మారుతాయి. అట్టి లెక్కకు చేతితో నెలలు పట్టేవి. 1956లో అమెరికాలో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు, నిర్మాణాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి యంత్రంచేత లెక్క కట్టించే పద్ధతిని ప్రకటించినారు. 1963లో ఐవాన్ సదర్లాండ్ తెరమీద వెలుగు కలంతో బొమ్మ గీయడం చూపించినాడు. 1970ల నడుమ చార్లెస్ ఈస్ట్‌మన్ మరొక అడుగు ముందుకు వేసి, భవనాన్ని గీతల సమూహంగా కాక భాగాల సమూహంగా యంత్రానికి తెలుపవలెనన్నాడు. 2000లో వెలువడిన ‘రెవిట్’ వంటి సాఫ్ట్‌వేర్లు ఆ భావాన్ని వాస్తుశిల్పుల నిత్యకృత్యంలోనికి తెచ్చినవి.

ఈ పద్ధతిలో ముందుగా తెరమీద నిలువు, అడ్డు గీతల గడిని వేస్తారు. గీతలు కలిసేచోట స్తంభాన్ని నిలిపి, దాని పాదం ఏ మట్టంలో, తల ఏ మట్టంలో ఉండవలెనో చెబుతారు. తరువాత ఒక స్తంభంనుండి మరొక స్తంభానికి దూలం వేస్తారు. తెరమీది దూలం వట్టి గీత కాదు. తన ఆకారం, లోహం, పొడవు, కొసల బిగింపు అన్నీ అది తనతో ఉంచుకొంటుంది. అంతస్తు ఎత్తు పెంచినచో స్తంభాలు తమంత తామే పొడవవుతాయి. పటాలు, ఉక్కు బరువు పట్టిక వెంటనే మారుతాయి.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. ఒకే దూలానికి నమూనాలో రెండు రూపాలుంటాయి. కంటికి కనిపించే దూలం స్తంభపు అంచువద్ద ఆగిపోతుంది. మిగిలిన సందును పలకలు, బోల్టులు పూరిస్తాయి. లెక్కకు వాడే దూలం స్తంభపు నడిగీత వరకు సాగే సన్నని రేఖ. ఆ రేఖ కొస కీలువలె తిరుగగలదా, లేక కదలకుండ బిగిసి ఉన్నదా అన్నది యంత్రానికి తెలియదు. దానిని మనిషే చెప్పవలెను. మనిషి తప్పు చెబితే, యంత్రం ఆ తప్పునే తప్పు లేకుండ లెక్క కడుతుంది.

ఇది వట్టి భయం కాదనడానికి 1978 జనవరి 18 నాటి ఘటన సాక్ష్యం. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక క్రీడామందిరపు విశాలమైన ఉక్కు కప్పు, మంచు బరువుకు తెల్లవారుజామున కూలిపోయినది. కొన్ని గంటల ముందే అక్కడ సుమారు 5,000 మంది ఆట చూచి ఇండ్లకు వెళ్లినారు. అందుచేత ప్రాణనష్టం కలుగలేదు. ఆ కప్పును కంప్యూటరు సాయంతోనే రూపొందించినారు. పైవరుస కడ్డీలకు నడుమ ఆధారం ఉన్నదని లెక్కలో భావించినారు. కట్టడంలో ఆ ఆధారం తగినట్లు పనిచేయలేదు. ఆయిలర్ చెప్పినట్లు, నడుమ పట్టులేని కడ్డీలు లెక్కలో చూపినదానికంటె చాల తక్కువ బరువుకే వంగిపోయినవి. నిర్మాణ సమయంలోనే కప్పు లెక్కకు మించి, సుమారు రెండింతలు, దిగినట్లు కొలతలు చూపినవి. లోహం ఇచ్చిన హెచ్చరికను లెక్కమీది నమ్మకం కప్పివేసినది.

2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఊరూరా తిరిగి పాత కొలిముల జాడలు వెదకినారు. రెండు వందలకు పైగా స్థలాలలో చిట్టెపు కుప్పలు మొదలగు ఆనవాళ్లు లభించినవి. చిట్టెం మిగిలినది గాని, ఏ రంగు మంటవద్ద తిత్తి ఆపవలెనో, మూసను ఎంతసేపు చల్లార్చవలెనో ఎరిగిన చేతులు మిగలలేదు. ఆ విద్య వ్రాతకు ఎక్కలేదు, పనివారితోపాటే పోయినది. నేటి నమూనాకు ఆ లోపం లేదు. ప్రతి దూలం, ప్రతి బోల్టు అందులో భద్రంగా ఉంటుంది.

అయితే వ్రాతకు ఎక్కినంతమాత్రాన విద్య పూర్తి కాదు. కోనసముద్రపు పనివాడు కాగితం లేకుండ లోహాన్ని చూచి తెలుసుకొన్నాడు. నేటి విద్యార్థి లోహాన్ని చూడకుండ తెరను మాత్రమే చూచే ప్రమాదం ఉన్నది. చొప్పదండిలోనైనా, షికాగోలోనైనా, తెరమీది స్తంభం బరువు మోయదు. నేలమీది స్తంభమే మోస్తుంది. నమూనాలో చెప్పిన ఆధారం కట్టడంలో నిజంగా ఉన్నదా అని మెట్లెక్కి చూచి, బోల్టును చేతితో తట్టి, దూలం దిగుడును కొలిచి సరిచూచుకొన్నప్పుడే లెక్కకు సార్థకత కలుగుతుంది.