డాన్యూబ్ ఒడ్డున తురకలు

డాన్యూబ్ మీద తిరిగే యాత్రా పడవలు బుడాపెస్ట్‌లో చాలావరకు పెస్ట్ వైపు రేవులోనే ఆగుతాయి. ప్రయాణికుల్ని బస్సెక్కించి కోటా, పార్లమెంటూ చూపించి మళ్లీ పడవెక్కిస్తారు. కాళ్లని నమ్ముకున్నవాడికి మాత్రం ఇంకో ఊరు కనిపిస్తుంది.

ఎలిజబెత్ వంతెన పక్కన పాత చర్చి ఉంది. లోపల బలిపీఠం దగ్గరి గోడలో ఒక గూడు. మనవాళ్లెవరైనా చూడగానే పోల్చుకుంటారు, అది మిహ్రాబ్. 1541లో సుల్తాన్ సులేమాన్ బుడాని పట్టుకున్నాడు. తుర్కీ ఏలుబడి 1686 దాకా, 145 ఏళ్లు సాగింది. ఆ కాలంలో ఈ చర్చి మసీదయింది. కొండమీది మత్యాస్ చర్చీ మసీదయింది. ఈ మాట దాటేసి ముందుకు నడవకూడదు. ఓడినవాడి ప్రార్థనాస్థలం లాక్కోవడం మన సుల్తాన్ చేశాడు గనక గొప్పే అనుకుంటే, 1992 డిసెంబర్ 6 గురించి మాట్లాడే నోరు మనకుండదు.

వంతెన దాటితే గెల్లెర్ట్ కొండ కింద రుదాష్ హమామ్. 16వ శతాబ్దంలో సొకొల్లు ముస్తఫా పాషా కట్టించింది. గుమ్మటం కింద ఎనిమిది పలకల తొట్టి, కొండలోంచి వచ్చే వేడినీళ్లు. ఊరి జనం ఇప్పటికీ అందులో మునుగుతున్నారు. నీళ్లకి మతం అడగరు కదా!

ఇంతకీ ఆ పాలించిన 'తుర్కులు' ఎవరు? కోట కాపలా సిపాయిల్లో చాలామంది బోస్నియా వాళ్లు. చివరి పాషా అబ్దుర్రహ్మాన్ అబ్ది అల్బేనియా మనిషి. అందరికీ ఒకే పేరు, 'తోరోక్'. దూది ఏకి బతికే మన దూదేకులాయన, ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేనివాడు, తుర్కీ ఏ దిక్కునుందో ఎరగనివాడు, ఊళ్లో 'తురకోడు' అయిపోయినట్టే. పేరు పెట్టేవాడికి మన పుట్టుక అక్కర్లేదు. తమాషా ఏంటంటే హంగేరీ వాళ్లు జేబుని 'జెబ్' అంటారు. అరబ్బీ మాట అటు తుర్కీ మీదుగా వాళ్ల చొక్కాలోకీ, ఇటు ఉర్దూ మీదుగా మన చొక్కాలోకీ చేరింది. దాన్ని పరాయిదని ఎవరూ కత్తిరించుకోలేదు.

1686 సెప్టెంబర్ 2న కోట పడింది. ముస్లింలతో కలిసి గోడమీద నిలబడ్డ యూదులు కూడా ఆ ఊచకోతలో పోయారు. అబ్ది పాషా పడిపోయిన చోటికి దగ్గర్లో 1932లో ఒక రాయి నాటారు. నాటింది అదే రోజు అవతలి పక్షాన చచ్చిన ఒక హంగేరీ సైనికుడి వారసులు. వీరుడైన శత్రువు, అతనికి శాంతి కలగాలని చెక్కించారు. ఆ రాతి ముందు కాసేపు ఆగాలి.

అక్కణ్ణించి ఉత్తరంగా నడిచి, రాళ్లు పరిచిన నిటారు వీధి ఎక్కితే గుల్ బాబా దర్గా. 1541లోనే బుడాలో కన్నుమూసిన బెక్తాషీ ఫకీర్ ఆయన. గుల్ అంటే తుర్కీలో గులాబీ. ఈ ఊరికి గులాబీని తెచ్చింది ఆయనేనని జనం చెప్పుకుంటారు. 1686 తర్వాత ఆ సమాధి కట్టడాన్ని జెస్యూట్లు ప్రార్థనాలయం చేసుకున్నారు. చేసుకున్నారు గనకే గోడలు మిగిలాయి. ఇస్లాంని గుర్తించిన మతంగా హంగేరీ 1916లోనే చట్టం చేసింది.

బాగుచేసిన దర్గాని 2018 అక్టోబర్‌లో ఎర్దోగాన్‌తో కలిసి తెరిచింది నాటి ప్రధాని ఓర్బాన్. 2015లో, సిరియా యుద్ధం నుంచి పారిపోయి వస్తున్న జనానికి అడ్డంగా సెర్బియా సరిహద్దున ముళ్లకంచె వేయించింది కూడా ఆయన ప్రభుత్వమే.