బట్టలు ఉతికే నీటి ఉష్ణోగ్రత

బట్టలు ఉతికే నీటి ఉష్ణోగ్రతను మరక స్వభావాన్ని, బట్ట రకాన్ని బట్టి ఎంచుకోవాలి. నీరు ఎంత వేడిగా ఉంటే మురికి అంత బాగా వదులుతుందనే అభిప్రాయం అన్ని మరకలకూ వర్తించదు. తెలంగాణలోని మంచిర్యాల జిల్లాకు చెందిన నస్పూర్, శ్రీరాంపూర్ ప్రాంతాలలో సింగరేణి బొగ్గు గనులు ఉన్నాయి. గని కార్మికుల బట్టలకు బొగ్గు ధూళి, గ్రీజు, చెమట, ఒక్కొక్కసారి రక్తం కూడా అంటుతాయి. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పద్ధతి అవసరం.

మరకను బట్టి

బొగ్గు ధూళి: బొగ్గు నీటిలో కరగదు. అందువలన నీటిని వేడి చేసినంత మాత్రాన ఈ ధూళి వదలదు. ముందు చన్నీళ్ళలో జాడించి, నల్లనీరు పారబోసి, తరువాత సబ్బు పొడిలో నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి.

నూనె, గ్రీజు: వేడికి ఇవి పలుచబడతాయి. 40 నుండి 60 డిగ్రీల సెల్సియస్ నీరు, డిటర్జెంటు కలిసి వీటిని బట్ట నుండి విడదీస్తాయి.

రక్తం: ఇందులోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి నూలుపోగులకు అంటుకుపోతాయి. కాబట్టి చన్నీళ్ళే వాడాలి.

ఎంజైములు కలిపిన సబ్బు పొడులు సాధారణంగా 30 నుండి 50 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి. మరీ వేడి నీటిలో ఎంజైములు తమ శక్తిని కోల్పోతాయి.

బట్టను బట్టి

తెల్లని నూలు బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు 60 డిగ్రీల వేడిని తట్టుకుంటాయి. ఈ వేడికి దుప్పట్లలోని ధూళి పురుగులు చనిపోతాయి. పాలియెస్టర్ బట్టలకు 40 డిగ్రీలు చాలు. పట్టు, ఉన్ని బట్టలకు 30 డిగ్రీలు మించరాదు. రంగు దిగే బట్టలను చన్నీళ్ళలో విడిగా ఉతకాలి.

బట్టల లోపలి చీటీపై తొట్టి బొమ్మలో ఉండే చుక్కలు గరిష్ఠ ఉష్ణోగ్రతను తెలుపుతాయి. ఒక చుక్క 30, రెండు 40, మూడు 50, నాలుగు 60 డిగ్రీలకు గుర్తు. తొట్టిపై ఇంటూ గుర్తు ఉంటే ఆ బట్టను నీటిలో ఉతకరాదు.

సాంప్రదాయ పద్ధతి

పూర్వం రజకులు చవుడు కలిపిన నీటిలో బట్టలను తడిపి, బానపై పేర్చి ఆవిరి పట్టేవారు. దీనిని ఉబ్బ వేయడం అనేవారు. చవుడులోని క్షారం, వేడి కలిసి జిడ్డును వదలగొడతాయి. ఈ పద్ధతి ముతక నూలు బట్టలకు అనువైనది.

నీటిని కలిపే విధానం

ఉష్ణమాపకం లేనివారు కొలత ప్రకారం నీరు కలుపుకోవచ్చు. మరిగే నీరు ఒక చెంబుకు 25 డిగ్రీల చన్నీళ్ళు నాలుగు చెంబులు కలిపితే సుమారు 40 డిగ్రీలు, సమానంగా కలిపితే సుమారు 60 డిగ్రీలు వస్తుంది. రెండవది చేతితో ఉతకడానికి తగదు, చర్మం కాలుతుంది.

నస్పూర్ పరిసరాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంటుంది. ఆ రోజులలో మధ్యాహ్నం డాబాపై ట్యాంకు నుండి వచ్చే నీరు చల్లగా ఉండదు. రక్తపు మరకలకు, రంగు బట్టలకు తెల్లవారుజామున పట్టిన నీరు మేలు. జిడ్డు బట్టలకు మధ్యాహ్నపు నీరు ఖర్చు లేకుండా ఉపయోగపడుతుంది.

విద్యుత్తు ఖర్చు

20 లీటర్ల నీటిని 25 నుండి 60 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 0.8 యూనిట్ల విద్యుత్తు కావాలి. 40 డిగ్రీలకైతే సుమారు 0.35 యూనిట్లు చాలు. అందువలన జిడ్డు లేని బట్టలకు నీరు కాచడం వృథా ఖర్చు.

జాగ్రత్తలు

* బొగ్గు ధూళిని ఏళ్ళ తరబడి పీల్చడం ఊపిరితిత్తుల వ్యాధికి దారితీస్తుంది. గని బట్టలను ఇంటిలో దులపకుండా తడిపి ఉతకాలి.
* గని బట్టలను పసిపిల్లల బట్టలతో కలపరాదు.
* నీరు కాచే రాడ్డును ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే బకెట్టును గాని, నీటిని గాని తాకాలి.