దొంగతనం, అమ్మకపు ఒప్పంద భంగం

ముందుగా సొమ్ము పుచ్చుకొని సరుకు ఇవ్వకపోవడాన్ని వాడుకలో దొంగతనం అనడం కద్దు. అయితే భారతదేశ చట్టాల ప్రకారం అది దొంగతనం కాదు. సాధారణంగా సివిల్ న్యాయస్థానాలలో తేల్చుకోవలసిన ఒప్పంద భంగం. మొదటి నుండే దురుద్దేశం ఉన్నట్లు రుజువైతే మోసం అనే నేరమౌతుంది.

నిర్వచనం

ఒక చరాస్తిని మరొకరి స్వాధీనం నుండి, వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీసుకొనుటకు కదిలించడం దొంగతనం. ఈ నిర్వచనం భారత శిక్షాస్మృతి (1860) 378వ సెక్షనులో ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను దాని స్థానంలో అమలులోకి వచ్చింది.

ఉదాహరణ

నెల్లూరు జిల్లాలోని కోవూరు వరి పండే ప్రాంతం. ఇక్కడ ధాన్యాన్ని పుట్లలో లెక్కిస్తారు (పుట్టి 850 కిలోలు). ఒక వ్యాపారి పది పుట్ల ధాన్యానికి ముందే సొమ్ము చెల్లించాడనుకుందాం. కోతల నాటికి ధర పెరగగా రైతు ఆ పంటను వేరొకరికి అమ్మివేశాడు. ఇది దొంగతనం కాకపోవడానికి కారణాలు:

* సొమ్మును వ్యాపారి తన సమ్మతితోనే ఇచ్చాడు.
* ధాన్యం ఎన్నడూ వ్యాపారి స్వాధీనంలో లేదు.
* ఫలానా ధాన్యమని నిర్ధారణ కానంతవరకు దాని యాజమాన్యం కూడా కొనుగోలుదారుకు మారదు (వస్తు విక్రయ చట్టం 1930, సెక్షను 18).

అదే రైతు ధాన్యాన్ని తూచి వ్యాపారి గిడ్డంగికి చేర్చిన తరువాత, రాత్రివేళ బస్తాలను తిరిగి తరలించుకుపోతే అది దొంగతనమే.

మోసం, నమ్మకద్రోహం

తనకు లేని పంటను ఉన్నట్లు నమ్మించి సొమ్ము తీసుకోవడం మోసం (సంహిత సెక్షను 318, పూర్వం 415, 420). ఒప్పందం చేసుకునే సమయానికే దురుద్దేశం ఉండాలని, తరువాత మాట తప్పినంత మాత్రాన మోసం కాదని హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసు (2000)లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అమ్మకంలో ఆస్తిని నమ్మి అప్పగించడమనేది ఉండదు గనుక నమ్మకద్రోహ నేరం వర్తించదని ఢిల్లీ రేస్ క్లబ్ కేసు (2024)లో తీర్పు చెప్పింది.

పరిహార మార్గాలు

సరుకు అందని కొనుగోలుదారు చెల్లించిన సొమ్మును తిరిగి కోరవచ్చు. వస్తు విక్రయ చట్టం 57వ సెక్షను క్రింద నష్టపరిహారానికి దావా వేయవచ్చు. ఒప్పందపు ధరకు, సరుకు ఇవ్వవలసిన నాటి మార్కెట్ ధరకు గల తేడాను సాధారణంగా నష్టంగా లెక్కిస్తారు. సొంత వాడకానికి కొన్నవారు రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయించవచ్చు. తిరిగి అమ్మడానికి కొన్న వ్యాపారులకు ఈ అవకాశం లేదు.

సివిల్ దావాకు గడువు ఒప్పంద భంగం జరిగిన నాటి నుండి మూడేళ్ళు. పోలీసులకు ఫిర్యాదు చేసినంత మాత్రాన ఈ గడువు ఆగదు. అందువలన దొంగతనం కేసుపైనే ఆశ పెట్టుకొని కాలం గడిపినవారు సొమ్ము రాబట్టుకొనే హక్కును కూడా కోల్పోయే ప్రమాదమున్నది.