రెండు శ్రీల మధ్య ఒక చిప్

మా పిన్నమ్మ కూతురు 2016లో శ్రీసిటీలోని ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో చేరింది. సూళ్లూరుపేట నుంచి కంపెనీ బస్సులో పోయొచ్చేది. ఆ ఏడు దసరాకి తిరుపతి వచ్చినప్పుడు నా ఫోన్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “ఇట్లాంటివే అన్నా మేం చేస్తా ఉండేది” అంది. నేను అప్పుడే ఎంసీఏ ముగించాను. అన్నీ తెలుసనుకునే వయసు. “మీరు చేసేదేముంది లేమ్మా, స్క్రూలు బిగిస్తారు. లోపలుండే చిప్ మనదా ఏమన్నానా?” అనేశాను. తనేమీ అనలేదు. ఫోన్ తిరిగిచ్చేసింది.

ఆ మాట అబద్ధం కాదు. కానీ సగం తెలిసి అన్న మాట. మిగతా సగం తెలియడానికి నాకు ఎనిమిదేళ్లు పైనే పట్టింది.

శ్రీసిటీ అప్పట్లో చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. అక్కడ షావోమీ కోసం ఫాక్స్‌కాన్ తయారుచేసిన రెడ్‌మీ 2 ప్రైమ్ 2015 ఆగస్టులో విడుదలైంది. దాంట్లో ఉన్నది క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ 410. క్వాల్‌కామ్ అమెరికా కంపెనీ. కానీ ఆ చిప్‌కి అర్థమయ్యే భాష క్వాల్‌కామ్‌ది కాదు, ఆర్మ్‌ది. 1985లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, ఎకార్న్ అనే కంపెనీలో పుట్టిన భాష అది.

చిప్‌కి భాషేమిటి? ప్రాసెసర్ చేసే పని చెప్పుకుంటే చాలా చిన్నది. మెమరీ నుంచి ఒక ఆజ్ఞ తెచ్చుకుంటుంది, అదేమిటో పోల్చుకుంటుంది, చేస్తుంది, తర్వాతి ఆజ్ఞకి పోతుంది. ఈ రెండు అంకెలు కూడు, దీన్ని ఫలానా చోట పెట్టు, ఇది సున్నా అయితే అక్కడికి దూకు... అన్నీ ఇలాంటివే. ఒక ప్రాసెసర్‌కి ఏయే ఆజ్ఞలు తెలుసు అన్న జాబితానే ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటాం. హార్డ్‌వేర్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య రాసుకున్న ఒప్పందం అది.

ఈ ఒప్పందం యంత్రం కంటే ఎక్కువ కాలం బతకాలి అన్న ఆలోచన 1964 నాటిది. అంతకుముందు ఐబీఎం ఒక్కో రకం కంప్యూటర్‌కి ఒక్కో ఆజ్ఞల జాబితా పెట్టేది. యంత్రం మారిస్తే ప్రోగ్రాములు మళ్లీ రాసుకోవాల్సిందే. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360తో చిన్న మోడల్ నుంచి పెద్ద మోడల్ దాకా ఒకటే ఒప్పందం అయింది. ‘ఆర్కిటెక్చర్’ అనే మాట కంప్యూటర్ల లోకంలో స్థిరపడింది దాని రూపకర్తల వల్లే. లోపల తీగలు ఎలా పోయాయన్నది వేరే సంగతి, బయటికి ఏం మాటిచ్చారన్నది ఆర్కిటెక్చర్.

ఇక రెండో శ్రీ. 2024 డిసెంబర్ 30 రాత్రి పది గంటలకు సూళ్లూరుపేటలో చెల్లెలి ఇంటి మిద్దె మీద ఉన్నాం. శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ60 లేచింది. ముందు తూర్పంతా నారింజరంగు వెలుగు, చప్పుడు బాగా ఆలస్యంగా వచ్చింది. అందరం స్పేడెక్స్ జంట ఉపగ్రహాల గురించే మాట్లాడుకున్నాం. ఆ రాకెట్‌లో ఇంకోటి కూడా పోయిందని 2025 మార్చిలో తెలిసింది. ఉపగ్రహాలను వదిలాక నాలుగో దశను కక్ష్యలోనే ఉంచి ప్రయోగాలకు వాడారు. పోయెమ్-4 అంటారు దాన్ని. దాని కంప్యూటర్‌లో విక్రమ్3201 అనే 32-బిట్ ప్రాసెసర్‌ను పరీక్షించారు. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్, మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి చేసిన చిప్ అది. 2009 నుంచి మన రాకెట్లలో వాడుతున్న 16-బిట్ విక్రమ్1601కి వారసురాలు.

వివరాలు చదివి నేను మళ్లీ నవ్వాను. 180 నానోమీటర్ల టెక్నాలజీ, వేగం 100 మెగాహెర్ట్జ్! చెల్లెలు పని చేసిన కాలం నాటి చవక ఫోన్ కూడా 1.2 గిగాహెర్ట్జ్. ఫోన్ చేసి ఇదే చెప్పాను తనకి. తనిప్పుడు టెస్టింగ్ లైన్‌లో లీడర్. “స్పీడ్ సంగతి సరే అన్నా, ఎంత వేడికి తట్టుకుంటాదంట?” అని అడిగింది. వెతికితే ఉంది: మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ దాకా. “అట్లయితే మా ఫోన్‌తో ఎందుకు పోలుస్తావు? మాది జేబులో ఉంటాది” అంది.

అప్పుడు మొదలుపెట్టి చదివాను. రాకెట్‌కి కావాల్సింది తొందర కాదు, తప్పు జరగకపోవడం. 16 బిట్లలో 65,536 విలువలే పడతాయి. రుణసంఖ్యలు కూడా కావాలంటే పైకి 32,767 దగ్గర ఆగిపోవాలి. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 మొదటి ప్రయాణంలో సరిగ్గా ఇక్కడే దెబ్బ తింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల గదిలో పెట్టబోతే పట్టలేదు. పాత ఏరియాన్ 4లో అంత పెద్ద విలువ రాదు కాబట్టి ఆ చోట ఎవరూ కాపలా పెట్టలేదు. లేచిన దాదాపు 40 సెకన్లకు రాకెట్ ముక్కలైంది. తప్పు సాఫ్ట్‌వేర్‌దే. కానీ గది ఎంత వెడల్పన్నది ఎంత పెద్ద ప్రశ్నో అది చెబుతుంది. 32 బిట్లలో 429 కోట్ల పైచిలుకు విలువలు పడతాయి. పైగా విక్రమ్3201 దశాంశ లెక్కలు తానే చేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం వేరే వివరం. విక్రమ్ ఆజ్ఞల భాష ఇస్రో సొంతం. భాష సొంతమైతే కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఎవరికి వాళ్లే రాసుకోవాలి. రాసుకున్నారు. మాట్లాడేవాళ్లు తక్కువున్న భాషకి నిఘంటువు దగ్గర్నుంచి అన్నీ తామే చేసుకోవాల్సినట్టు. దాంతోపాటే వచ్చిన కల్పన3201 ఇంకో దారి పట్టింది. అది స్పార్క్ వీ8 అనే బహిరంగ ప్రమాణం ప్రకారం నడుస్తుంది, లోకంలో ఉన్న పనిముట్లు దానికి పనికొస్తాయి. ఒకే ఇంట్లో రెండు జవాబులు. ఏది ‘మనది’? రెండూ కావచ్చు. ఇప్పుడు ఆ ప్రశ్నకి నేను 2016లోలా చటుక్కున జవాబు చెప్పలేను.

శ్రీసిటీలో వేరేవాళ్ల భాష మాట్లాడే చిప్పుల్ని ఫోన్లుగా కూరుస్తారు. తడ మీదుగా హైవే ఎక్కి సూళ్లూరుపేట దగ్గర కుడివైపు తిరిగి, పులికాట్ మధ్యలోంచి వేసిన రోడ్డు పట్టుకుంటే, సొంత భాష చిప్‌ని ఆకాశానికి పంపిన చోటు వస్తుంది. ఆ మధ్యలోనే ఉంది చెల్లెలి ఇల్లు. మొన్న పోయినప్పుడు దసరా నాటి మాట గుర్తుచేసి, తప్పు మాట్లాడానని చెప్పాను. “నువ్వేమన్నావో నాకు గుర్తే లేదన్నా” అంది. గుర్తుందని ఇద్దరికీ తెలుసు.