సి, కో: ఉప్పల్‌కు వచ్చినవాళ్ళు, ఉప్పల్ నుంచి వెళ్ళినవాడు

మా నాచారం ఇంట్లో, పాత ఇనప్పెట్టెలో ఒక ఫుల్‌స్కేప్ కాగితం దాచుకున్నాను. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగులు. ఉప్పల్‌లో సర్వే నేర్చుకోవడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక కుర్రాడు 1989లో పెన్సిలుతో గీసిన ఉప్పల్ అది.

హైదరాబాదువాళ్ళ విదేశయానం అనగానే మనవాళ్ళు దుబాయి, మస్కట్, అమెరికా వెళ్ళిన కథలే చెప్పుకుంటాం. ఎక్కడివాళ్ళో ఒంటరిగా, జీవితంలో మొదటిసారి దేశం దాటి మన ఉప్పల్‌కు వచ్చిన సంగతి మాత్రం ఎవరూ తలుచుకోరు. నేను ముప్పై ఏళ్ళు వాళ్ళ మధ్యే పనిచేశాను కాబట్టి నాకది చిన్న విషయంగా తోచదు.

నేను పనిచేసిన సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టింది. దాని కేంద్ర కార్యాలయం డెహ్రాడూన్. శిక్షణ కేంద్రం ఉప్పల్‌కు వచ్చింది 1960ల్లో. ఆ పక్కనే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ పెట్టిందీ ఆ దశాబ్దంలోనే, 1961లో. అప్పటికి ఇటువైపు ఖాళీ నేల, బండలు, తుమ్మచెట్లు. ప్లేన్ టేబుల్, అంటే పటం గీసే బల్ల, వేసుకుని కూర్చోవడానికి అంతకన్నా మంచి చోటేముంటుంది? కొలంబో ప్లాన్ కింద, ఆ తర్వాత 1964లో మన ప్రభుత్వం మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాలవాళ్ళు మన దేశానికి చదువుకు వచ్చేవాళ్ళు. స్వాతంత్ర్యం వచ్చిన ప్రతి దేశానికీ తన నేలను తానే కొలుచుకోవాల్సిన అవసరం పడింది. ఆ పనికి ఉప్పల్ చేరినవాళ్ళు మా విద్యార్థులు.

వాళ్ళకు నేను నేర్పిన పాఠాల్లో నాకు బాగా ఇష్టమైంది రిసెక్షన్. ఎక్కడున్నామో తెలియనప్పుడు మనం నిలబడ్డ చోటును పటం మీద పట్టుకునే పద్ధతి అది. దూరంగా మూడు తెలిసిన గుర్తులు చూసుకోవాలి, గుడి శిఖరమో, గుట్ట మీది రాళ్ళకుప్పో. ఖలాసీ గొడుగు పట్టుకుంటే ఆ నీడలో బల్ల మీద సైట్ రూల్ ఆనించి ఒక్కో గుర్తు వైపు నుంచి ఒక్కో గీత గీస్తాం. మూడూ ఒక్క చుక్కలో కలిస్తే అదే మన చోటు. కలవకపోతే మధ్యలో బుల్లి త్రిభుజం మిగులుతుంది. దాన్ని ట్రయాంగిల్ ఆఫ్ ఎర్రర్ అంటాం. బల్లను పిసరంత తిప్పి మళ్ళీ గీయాలి. ఆ త్రిభుజం చుక్కయ్యేదాకా లేవకూడదు.

ఇంత నేర్పిన నేను 1984లో ఒక తప్పు చేశాను. వచ్చి రెండు రోజులైనా కాని ఒక విద్యార్థి సికింద్రాబాద్ వెళ్దామని ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కి, రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠిలో తేలాడు. రాత్రి పదకొండు దాటాక హాస్టల్ చేరాడు. మర్నాడు క్లాసులో అందరి ముందూ, "సర్వేయర్‌వి, నీకే దారి తెలియకపోతే ఎట్లా?" అన్నాను. అందరూ నవ్వారు. అతను తలవంచుకున్నాడు.

1986 అక్టోబరులో నాకు నెదర్లాండ్స్ ఫెలోషిప్ వచ్చింది. ఎన్‌షెడేలోని ఐటీసీ అనే సంస్థలో, ఫోటోల నుంచి పటాలు తయారుచేసే ఫోటోగ్రామెట్రీ కోర్సు. ఆ సంస్థను 1950లో డెల్ఫ్ట్‌లో స్థాపించిన షెర్మర్‌హార్న్ అదే విద్యలో ప్రొఫెసరు. యుద్ధం ముగిసిన వెంటనే ఆ దేశానికి ప్రధానిగా చేసినవాడు. 1971లో సంస్థ ఎన్‌షెడేకు మారింది. 1957లో నెహ్రూ ఆ దేశం వెళ్ళొచ్చాకే మనకూ అలాంటిది కావాలనుకున్నారు. 1966లో డెహ్రాడూన్‌లో ఫోటో ఇంటర్‌ప్రిటేషన్ సంస్థ అలా వచ్చింది. ఇదంతా చదువుకునే బయల్దేరాను. తెలియనిది ఒక్కటే, ఎన్‌షెడే దారిలో ఆమర్స్‌ఫోర్ట్‌లో రైలు రెండుగా విడిపోతుందని.

కాజీపేటలో బోగీలు విడదీసి వేరే బండికి తగిలించడం చూసినవాణ్ణే. కానీ అక్కడ ఆ ప్రకటన డచ్ భాషలో వచ్చింది. నేను కూర్చున్న సగం ఉత్తరానికి వెళ్ళిపోయింది. చీకటి పడ్డాక జ్వోలె అనే స్టేషన్లో దిగాను. చలి. చేతిలో అమ్మ కట్టిచ్చిన కరివేపాకు పొడి, నువ్వులుండల సంచి. చుట్టూ ఒక్క అక్షరమూ అర్థం కాని బోర్డులు. ఆ ప్లాట్‌ఫారం మీద నాకు గుర్తొచ్చింది కోఠిలో దిగిన ఆ కుర్రాడే. అతనికి నేను చూపించాల్సిన గుర్తులేవీ చూపించలేదు.

ఒక రైల్వే ఉద్యోగి నా నోటుబుక్కు తీసుకుని మూడు పేర్లు రాశాడు: జ్వోలె, డెవెంటర్, ఎన్‌షెడే. ఒక్కోదాని పక్కన ప్లాట్‌ఫారం నంబరు, టైము. నాకు రిసెక్షన్ నిజంగా బోధపడింది అప్పుడే.

ఎన్‌షెడేలో ఇంకో సంగతి నా నోరు మూయించింది. పుస్తకాల షాపులో ఆ ఊరి 1:25,000 టోపో షీటు అమ్మకానికి పెట్టి ఉంది. నాకు కావాలనగానే షాపతను చుట్టచుట్టి ఇచ్చాడు, పేరడగలేదు, సంతకమడగలేదు. సరిహద్దు, సముద్రతీర ప్రాంతాల షీట్లు మన దేశంలో అప్పట్లో మామూలు జనానికి దొరికేవి కావు. బీరువాల్లో తాళం వేసి, రిజిస్టర్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళం. నా బతుకంతా జనం చూడకూడని పటాలు గీశానా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గర ఓపెన్ సిరీస్ మ్యాపులకు దారి వేసిన జాతీయ పట విధానం 2005లో వచ్చింది. పటాల మీద ఆంక్షలు బాగా సడలింది 2021 ఫిబ్రవరిలో. ఆలస్యమైనా మంచి పనే జరిగింది.

తిరిగొచ్చాక ప్రతి కొత్త బ్యాచినీ మొదటి సాయంత్రమే బయటికి తీసుకెళ్ళేవాణ్ణి. అది మా సెంటర్లో ఆనవాయితీ అయింది. మా గేటు, ఉప్పల్ చౌరస్తా, హబ్సిగూడ చౌరస్తా, ఈ మూడూ నడిపించి చూపించేవాణ్ణి. చాయ్ తాగించి, బస్సు బోర్డుల మీది మొదటి అక్షరాలు రెండూ వాళ్ళ నోటుబుక్కుల్లో రాయించేవాణ్ణి. 'సి' ఉంటే సికింద్రాబాద్, 'కో' ఉంటే కోఠి. వాళ్ళు థియోడొలైట్ చదివినంత శ్రద్ధగా ఆ వంపులు చూసేవాళ్ళు. మా ఆవిడ, "పిల్లలకు అఆలు దిద్దించినట్టుందండీ మీ పని" అనేది.

ఇప్పుడా దారి మీదుగా మెట్రో పోతోంది. స్టేడియం పేరుతో స్టేషను కూడా ఉంది. మా సంస్థ పేరూ మారింది. ఇనప్పెట్టెలోని ఆఫ్రికా కుర్రాడి కాగితం మీద మాత్రం ఉప్పల్ అప్పటి ఉప్పల్‌గానే ఉంది. గేటు పక్కన వేపచెట్టు, సైకిల్ షాపు, కోడిగుడ్లమ్మే బండికి అతనే కనిపెట్టుకున్న గుర్తు, మూలన ఉత్తర దిక్కు బాణం. చౌరస్తా దగ్గర రెండు తెలుగు అక్షరాలు, పెన్సిలు గట్టిగా నొక్కి రాసినవి. 'సి' సరిగ్గా ఉంది. 'కో' అద్దంలో చూసినట్టు తిరగబడింది.